కొంచెం మరుగు

"అయ్యా, సంతలో ఆడోళ్ళకి కొంచెం మరుగు కావాల."

చెంచమ్మ అడిగింది ఇంతే. అదీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, నేలచూపులు చూస్తూ అడిగింది. పంచాయతీ ప్రెసిడెంటు పద్మనాభయ్య గారు ఆ ఉదయం క్షవరం చేయించుకుని, కాఫీ తాగి, సంతను ఒకసారి చుట్టివద్దామని మాత్రమే అనుకున్నారు. ప్రజాసేవ చేసే ఉద్దేశం ఆ పూట వారికి లేదు. కాని మంగలికత్తి చెవి పక్కన బరబరలాడుతుండగా మాట చెవిన పడింది. "కొంచెం"లోని సున్న "మరుగు"లోని మకారాన్ని మింగేసింది. ఆయనకు వినిపించింది "కొంచెం అరుగు."

"కొంచెం ఏంది చెంచమ్మా! ఘనంగా కట్టిస్తా పో!" అన్నారు నురగ మొహంతో.

ఊరు ఇసుకకోట. నెల్లూరు జిల్లాలో కోట అనే ఊరికి తూర్పున, సముద్రానికి దగ్గర. పేరులో కోట ఉంది గాని, ఆడది చాటుకు పోవడానికి గోడ లేదు. సంతరోజు చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు చీకటితో తట్టలెత్తుకుని వచ్చి చీకటితో పోతారు. ఉన్న చాటంతా సంత చివర మొగలిపొదలే. అక్కడా ఈమధ్య పేకాటరాయుళ్ళు చేరారు. అందుకని ఆడవాళ్ళు నీళ్ళు తాగడమే మానేశారు. ఎండుచేపలమ్మే చెంచమ్మ ఏళ్ళ తరబడి అట్లా మాని మాని, చేపలతోపాటు తానూ ఎండింది. నడుములో పోటు, ఒళ్ళు కాలే జ్వరం. నెల్లూరులో డాక్టరమ్మ కోప్పడింది.

"నీళ్ళు తాగకపోతే నువ్వు పోతావు!"

"తాగితే యాడికి పోవాల తల్లీ?" అంది చెంచమ్మ.

తాగితే సంత మానాలి. సంత మానితే పొయ్యి ఆరిపోతుంది. తాగకపోతే చెంచమ్మే ఆరిపోతుంది. ఇదీ లెక్క.

పద్మనాభయ్య గారు చెడ్డవారు కారు. వారికి వినికిడి తక్కువ, వినిపించడం ఎక్కువ, అంతే. "ఎవరు వాడుకుంటారో వాళ్ళను అడక్కుండా కట్టే పని పనేనా?" అని మేస్త్రీ మస్తానయ్యను చెంచమ్మ దగ్గరికే పంపారు. అంత మంచి ఆలోచన చేశారు గనకే పని అంత చెడిపోయింది.

"అక్కా, ఒక్కసారికి ఎందరు కూర్చుంటారు?" అన్నాడు మస్తానయ్య కొలతతాడు విప్పుతూ.

చెంచమ్మ సిగ్గుతో సగమైంది. "అందరూ ఒక్కసారే కూర్చుంటారా అన్నా? ఒకరొకరే. పోనీ ఇద్దరు."

"ముసలోళ్ళు? కడుపుతో ఉండేవోళ్ళు?"

"వాళ్ళకే ముందు గావాల. ఆగలేరు గదా."

"అవును, నిలబడలేరు," అని మస్తానయ్య తలూపాడు. "ఎత్తెంత?"

"మనిషెత్తు. జానెడు తగ్గినా దండగే."

మేస్త్రీ తాడు చేతిలోనే ఉండిపోయింది. "అంతెత్తా! సరే, మెట్లు పెడతాలే. యాడ?"

మెట్లెందుకో చెంచమ్మకు అంతుపట్టలేదు గాని, ఎదురడిగితే ఉన్నదీ పోతుందేమోనని ఊరుకుంది. "ఆ మొగలిపొదల కాడ," అంది.

ఉన్నదీ పోయింది. మరునాడే పొదలు కొట్టేశారు. ఆ చోట మనిషెత్తున, మెట్లతో, నున్నగా గచ్చు చేసిన అరుగు లేచింది. సంతలో ఏ మూల నుంచి చూసినా అదే. అరుగు పెరుగుతున్నకొద్దీ మరుగు తరుగుతూ వచ్చి, చివరికి కరిగే పోయింది. ఆడవాళ్ళు చుట్టూ తిరిగి చూశారు.

"ఏందన్నా ఇది, గోడలేవి?" అంది ఆకుకూరల ఆదిశేషమ్మ.

"గోడలుంటే సముద్రపు గాలి ఎట్టా తగులుద్దక్కా? నలుపక్కలా తెరిచి పెట్టమన్నారు పెసిడెంటుగారు."

ఆదిశేషమ్మ బుగ్గలు నొక్కుకుంది. "ఆయన ఇంట్లోవాళ్ళు కూర్చుంటారా ఇట్టా గాలికి?"

అప్పటినుంచి సంతలో ఏ ఆడదీ గుక్కెడు నీళ్ళు ముట్టలేదు. ఒక మధ్యాహ్నం చెంచమ్మ బేరం మధ్యలోనే తట్టమీదికి ఒరిగిపోయింది. నలుగురూ మోసుకుపోయి ఎవరి పంచలోనో పడుకోబెట్టారు. సంగతి తెలిసి పద్మనాభయ్య గారు పరుగున వచ్చారు, శుభవార్త పట్టుకుని.

"లే చెంచమ్మా! అడిగింది నువ్వు. పై సంతకు ప్రారంభోత్సవం. అందరి ముందరా మొదట నువ్వే కూర్చోవాల!"

చెంచమ్మ జ్వరంలోనే లేచి కూర్చుంది. "చచ్చినా కూర్చోనయ్యా!"

"సిగ్గెందుకు? బ్లాకాఫీసు నుంచి కరుణాకుమారిగారు వస్తున్నారు. నీ పక్కన ఆమె కూర్చుంటుంది. ఫోటో గూడా తీయిస్తా."

చెంచమ్మ గోడవైపు తిరిగి పడుకుంది.

ప్రారంభోత్సవం నాడు అరుగు మీద పందిరి వేశారు. వెనకవైపు ఎండ కొట్టకుండా తాటాకు తడికలు కట్టారు. మైకు పెట్టారు. మహిళా సంక్షేమం చూసే కరుణాకుమారి నెల్లూరులో తెల్లవారుజామున బస్సెక్కి, వెంకటాచలం మీదుగా గతుకులన్నీ లెక్కపెట్టుకుంటూ వచ్చి దిగేసరికి పొద్దు నడినెత్తికెక్కింది. దిగీదిగగానే దండ వేసి, కొబ్బరిబోండాం తాగించి, కుర్చీలో కుదేశారు. ఒక ఉపన్యాసం ఓర్చుకుంది. రెండోదానికి ఓర్పు అయిపోయింది. పద్మనాభయ్య గారి చెవి దగ్గరకు వంగింది.

"ఏవండీ, ఇక్కడ ఆడవాళ్ళకు కొంచెం మరుగు..."

ప్రెసిడెంటుగారి మొహం వెలిగిపోయింది. మైకు అందుకున్నారు. "విన్నారా! అమ్మగారు గూడా అదే అడుగుతున్నారు. అమ్మా, తమరు కూర్చున్నది దానిమీదే!"

కరుణాకుమారి తేలు కుట్టినట్టు లేచి నిలబడింది.

"అరుగు కాదండీ! మరుగు! మ! మకారం!"

మైకు ఆమె గొంతును కూడా పట్టుకుంది. కింద ఆడవాళ్ళలో ఆదిశేషమ్మ కేక పెట్టింది. "ఓయమ్మో, ఈయన అరుగనుకున్నాడే!"

ఆమె నవ్వబోయి, జ్వరంతోనే సంతకొచ్చి పక్కనే తట్ట ముందు ముడుచుకుని ఉన్న చెంచమ్మను చూసి ఏడ్చింది. కరుణాకుమారి మెట్లు దిగి వచ్చి చెంచమ్మను అడిగింది, మేస్త్రీని అడిగింది, మళ్ళీ మెట్లెక్కింది.

"అందరూ వినండి. ఈమె అడిగింది కూర్చుని ఊరిని చూసే చోటు కాదు. ఊరు చూడకుండా కూర్చునే చోటు."

మగవాళ్ళ వైపు నవ్వు మొదలైంది. ఆమె ఆగలేదు.

"అది లేక ఈమె నీళ్ళు మానింది. నీళ్ళు మానితే ఈ జబ్బు వచ్చింది. ఉన్న పొదలూ మనం కొట్టేశాం. ఇప్పుడు నవ్వండి."

 ఇంతలో పటపటమని తాళ్ళు తెగిన చప్పుడు. ఆదిశేషమ్మ, ఇంకో నలుగురు కలిసి పందిరి వెనక తడికలు పీకుతున్నారు.

"తడికలు పీకితే సభ ఏం గావాల?" అన్నారు పద్మనాభయ్య గారు నీరసంగా.

"సభ కొంచెంసేపు అటు తిరిగి కూర్చుంటుంది లెండి," అంది కరుణాకుమారి.

సభ అటు తిరిగింది. మనిషెత్తు అరుగు వెనక వైపు ఒక గోడగా పనికొచ్చింది. మిగిలిన మూడు పక్కలా తడికలు నిలబెట్టారు. చెంచమ్మను ఇద్దరు పట్టుకుని లోపలికి నడిపించారు. ప్రారంభోత్సవం ఆమె చేతనే జరిగింది. బయటికొచ్చి, ఎవరో ఇచ్చిన చెంబెడు నీళ్ళు ఎత్తిన చెంబు దించకుండా తాగింది. జబ్బు ముదిరిపోయిందో, ఇకనైనా తగ్గుతుందో ఆ చెంబుకు తెలియదు.

పద్మనాభయ్య గారు మైకు పట్టుకునే ఆమె దగ్గరకు వచ్చారు.

"ఈ ముక్క ఆ రోజే గట్టిగా చెప్పకూడదా చెంచమ్మా?"

చెంచమ్మ మూతి తుడుచుకుంది.

"చెప్పేదానికి గూడా మరుగు కావాల గదయ్యా."

మైకు ఆపలేదు గనక ఆ మాట సంతంతా విన్నది. ఈసారి మకారంతో సహా.