మా ఆయనకు ఓ డిగ్రీ కావాలి!

కొత్తగా పెళ్లయిన జంటలారా, ఊటీ టికెట్లు వెంటనే క్యాన్సిల్ చేసుకోండి! ఇద్దరిలో ఒకరికి డిగ్రీ అడ్మిషన్ వెతకండి. దాన్ని మించిన హనీమూన్ లేదు. అనుభవం మీద చెబుతున్నాను.

మా ఆయన కౌశిక్‌కు ఆర్మూరులో పసుపు కమీషన్ దుకాణం. చదివింది ఇంటర్. మా శుభలేఖలో నా పేరు పక్కన 'బి.కాం.' అని అచ్చయింది. ఆయన పేరు పక్కన ఖాళీ! ప్రింటరు జాలిపడి అక్కడో చిన్న పువ్వు బొమ్మ వేశాడు. పెళ్లయిన మూడో రోజు ఆయన ఆ పువ్వు మీద వేలు పెట్టి, "శ్రేయా, నాకు గూడ డిగ్రీ చెయ్యాలని ఉన్నది" అన్నారు. ఎవరైనా వింటారేమోనన్నంత మెల్లగా అన్నారు.

నేను పొంగిపోయాను. పట్టభద్రురాలిని కదా, దారి చూపొద్దూ? వెంటనే ఎక్సెల్ షీట్ తెరిచాను. బి.కాం. జనరల్, బి.కాం. కంప్యూటర్స్, బి.కాం. కంప్యూటర్ అప్లికేషన్స్, బి.బి.ఎ., డేటా సైన్స్ కలిపిన బి.ఎస్సీ... నచ్చిన గడికి పచ్చరంగు, నచ్చనిదానికి ఎర్రరంగు. రంగులు వేయడంలో ఇంత సుఖముందని పెళ్లికి ముందు ఎవరూ చెప్పలేదు!

కంప్యూటర్స్‌కూ కంప్యూటర్ అప్లికేషన్స్‌కూ తేడా ఏమిటని ఒక కాలేజీలో అడిగాను. కౌంటర్‌లో ఉన్నాయన నా అమాయకత్వానికి నవ్వి, "దాంట్ల అప్లికేషన్స్ ఉంటయి మేడం" అన్నాడు. శ్రద్ధగా షీట్‌లో రాసుకున్నాను.

ఇన్ని కోర్సులెందుకని గొణిగేవాళ్లను చూస్తే నాకు కోపం. ఇన్ని కోర్సులుంటేనే కదా ఇన్ని కాలేజీలు! ఇన్ని కాలేజీలుంటేనే కదా బండి మీద నిజామాబాద్ ప్రయాణాలు! మాక్లూర్ మీదుగా పోయి, జక్రాన్‌పల్లి మీదుగా వచ్చేవాళ్లం. అదే దగ్గరి దారని ఒకరికొకరం అబద్ధం చెప్పుకునేవాళ్లం. దారిలో చెరుకురసం, ఒకే గ్లాసు.

మా అత్తమ్మ విజయలక్ష్మికి మాత్రం అనుమానమే.

"మళ్ల యాడికే?"

"కాలేజీ చూడనీకి అత్తమ్మా."

"నిన్న చూసింది సాలదా?"

"నిన్నటిది బి.ఎస్సీ. అత్తమ్మా. ఇయ్యాల బి.కాం."

"పిల్లను చూడనీకి గూడ మేము గిన్ని ఇండ్లు తిరగలే!"

ఇక జతచేయాల్సిన కాగితాల జాబితా! అదొక వరం. మెమో, టీసీ, బోనఫైడ్, కులం, ఆదాయం, ఆధార్, ఎనిమిది ఫొటోలు. ఆ ఎనిమిదిలో ఒకటి నా ఫోన్ కవర్‌లోకి బదిలీ అయింది. బోనఫైడ్ కోసం ఆయన పాత కాలేజీకి వెళ్లాం. ఆయన కూర్చున్న బెంచీ మీద ఆయన పేరు చెక్కి ఉంది. పక్కన ఇంకో పేరు కూడా ఉంది. కాగితాల జాబితాలో అడగలేదు కాబట్టి నేనూ అడగలేదు.

చివరికి మిగిలింది గ్యాప్ సర్టిఫికెట్. ఇంటర్‌కూ డిగ్రీకీ మధ్య ఏడేళ్లు ఏమయ్యాయో ప్రమాణం చేసి చెప్పాలట! నోటరీ దగ్గర టైపు చేసే హనుమాన్లు సారు ఎప్పటి కాగితంలోనో పేరు మార్చి చేతికిచ్చారు. అందులో ఇలా ఉంది: "సదరు ఏడు సంవత్సరముల కాలములో నేను ఏ కోర్సునూ చదవక, ఏ పనియూ చేయక, ఖాళీగా ఇంటివద్దనే ఉంటిని."

మా ఆయన రెండుసార్లు చదివారు.

"సార్, నేను ఖాళీగ లేను."

"అందరికి గట్లనే రాస్తం తమ్మీ. సంతకం పెట్టు."

"మా నాయిన నడుము పడిపోయినప్పటి సంది దుకాణం నేనే చూస్తున్న. పసుపు కొమ్ము విరిస్తే సప్పుడు విని తేమ ఎంతున్నదో చెప్త. ఖాళీగున్నోనికి గది వస్తదా?"

"గదంత రాస్తే వాళ్లు తీస్కోరు. జర సమజ్ చేస్కో. ఇయ్యాల్నే లాస్ట్ డేట్."

నేనూ మోచేత్తో పొడిచాను. "పెట్టుండ్రి, ఒక్క సంతకమే గద! ఎవరు చదువుతరు దాన్ని?"

"నేను చదివిన గద" అన్నారు.

పెన్నుకు మూత పెట్టి, కాగితం బల్ల మీద ఉంచి లేచారు. తిరుగు దారిలో చెరుకురసం ఊసే ఎత్తలేదు. గడువు అయిపోయింది. నా షీట్ మాత్రం పచ్చగా కళకళలాడుతోంది.

మర్నాడు దుకాణానికి వేల్పూర్ రైతొకాయన పసుపు తెచ్చాడు. మా ఆయన ఓ కొమ్ము విరిచి, "ఇంక రెండెండలు తగలాలె పెద్దనాయినా" అన్నారు. ఆ పెద్దాయన మారుమాట లేకుండా తలూపాడు. నేనూ దుకాణంలోని ఎండు కొమ్మొకటి, ఆయన తెచ్చిన కొమ్మొకటి తీసుకుని చెవి దగ్గర విరిచాను. ఎండిందీ 'టప్', ఎండనిదీ 'టప్'. నాది ఫస్ట్ క్లాస్ డిగ్రీ అని ఆ కొమ్ములకు తెలిసినట్టు లేదు.

అందుకని అడ్మిషన్ల పెద్దలకు నాదొక మనవి. ఖాళీగా ఉన్నట్టు ప్రమాణ పత్రం లేనిదే సీటు ఇవ్వలేమంటే, మా ఇంటి తరఫున నేనిస్తాను. "సదరు మూడు సంవత్సరముల కాలములో నేను ఏ పనియూ నేర్వక, ఖాళీగా డిగ్రీ కాలేజీ వద్దనే ఉంటిని."

నోటరీ అక్కర్లేదు. రుజువుగా నా మార్కుల మెమోలు జతచేస్తున్నాను.