‘ఖాజాగూడ కన్నీరు’ రెండో ఆట

1974లో లింగంపల్లి గుమాస్తా నరసింహమూర్తికి సినిమా పిచ్చి పట్టుకుంది. జ్వరమైతే మాత్రలకు తగ్గేది.

అడిగి తెచ్చుకున్న చిన్న కెమెరాతో ఆర్నెల్లపాటు, ప్రతి ఆదివారం, ఖాజాగూడ రాళ్ల మధ్య ‘ఖాజాగూడ కన్నీరు’ అనే విషాద ప్రేమకథ తీశాడు. భార్య నాగేశ్వరికి మాత్రం ఆఫీసువాళ్లు రాళ్ల సర్వే అప్పగించారని చెప్పాడు.

“ఇంకా ఎన్ని రాళ్లు మిగిలాయండీ?” అనేది ఆవిడ.

“పెద్దవి అయిపోయాయి. చిన్నవే ఉన్నాయి.”

కథానాయిక వేషానికి ఏ ఆడమనిషీ ఒప్పుకోలేదు. చివరికి బండి తోలే వీరేశం ఒప్పుకున్నాడు, మీసం తియ్యనన్న షరతు మీద. అందుకని కథానాయిక సినిమా అంతా సిగ్గుతో పైట మూతికి అడ్డం పెట్టుకునే ఉంటుంది, గాలి వీచినప్పుడు తప్ప.

సినిమా పూర్తయింది. బడి వరండాలో దుప్పటి కట్టి, సాయంత్రం ఆట పెట్టాడు. భార్య రాకూడదని, అది కుటుంబ నియంత్రణ సినిమా అని చెప్పాడు. ఆవిడ వీధిలోని ఆడవాళ్లందరినీ వెంటబెట్టుకొచ్చి ముందు వరసలో కూర్చుంది.

బొమ్మకు మాటల్లేవు. దుప్పటి వెనక నిలబడి, మైకులో అందరి గొంతులూ నరసింహమూర్తే పలికాడు. మొదటి గాలికే జనం నవ్వారు. కథానాయిక కొండ మీంచి పడి చనిపోయింది. శవం కాలు గోక్కుంది. ఎక్కడి నుంచో మేక వచ్చి శవం మీది పూలు తినేసింది. జనం ఒకరి మీద ఒకరు పడి నవ్వుతున్నారు. నరసింహమూర్తి మైకు దించేశాడు.

నాగేశ్వరి లేచి దుప్పటి వెనక్కి వచ్చింది.

“ఆపేద్దాం. ఏడవాల్సిన చోట నవ్వుతున్నారు,” అన్నాడు.

“ఒక్కరైనా లేచి వెళ్లారేమో చూడండి.”

తొంగి చూశాడు. రైలుకని బయల్దేరిన వాళ్లు కూడా సంచులు కింద పెట్టి నిలబడ్డారు.

“ప్రతి బొమ్మా మీరెంత నమ్మి తీశారో కనిపిస్తూనే ఉంది. అందుకే ఎవరూ కళ్లు తిప్పుకోలేకపోతున్నారు,” అంది నాగేశ్వరి.

అప్పుడు వెలిగింది అతనికి. “నీకు ముందే తెలుసా?”

“వీరేశానికి చీర కట్టడం ఎవరు నేర్పారనుకున్నారు? తప్పుకోండి. ఆ ఆడగొంతు మీకు నప్పడం లేదు.”

మైకు లాక్కుంది. దుప్పటి మీద శవం మళ్లీ కాలు గోక్కుంటోంది.

“నాథా, ప్రాణం పోయింది గానీ చీమ పోలేదు,” అంది నాగేశ్వరి, ఎంతో విషాదంగా.

వరండా దద్దరిల్లింది. ఆట అయిపోయినా ఎవరూ కదల్లేదు. ముసలి కిష్టమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, “ఆ పిల్ల సచ్చేది ఇంకోపారి చూపియ్యి బిడ్డా. నా మొగుడు పోయినంక గింతగనం నవ్వలే,” అంది.

రెండో ఆట మొదలైంది. మాటలన్నీ నాగేశ్వరివే. వెనక పనేమీ మిగలని నరసింహమూర్తి మెల్లగా వచ్చి జనంలో నిలబడ్డాడు. తన సినిమా తొలిసారి చూస్తున్నాడు. మేక వచ్చే చోట అతనికీ నవ్వాగలేదు.

వెనక నుంచి కిష్టమ్మ అతని చొక్కా లాగింది.

“ఏందయ్యా, అడ్డం నిలవడ్డవు? జర కూసో. సిన్మా ఎర్కలేనోళ్లంత ముంగటికే వస్తరు.”

దర్శకుడు బుద్ధిగా కింద కూర్చున్నాడు.