మెలిక లేని ప్రశ్న

ఐటీ సర్వీస్ మేనేజ్‌మెంట్ పరీక్షకి చదువుతున్న మూడో వారంలో, భార్య వకుళ ఏం అడిగినా ఆ మాట కింద గాలిలో నాలుగు జవాబులు, పక్కన నాలుగు ఖాళీ సున్నాలు పరాంకుశానికి కనబడసాగాయి. ఆమెకూ కనబడేవి. మిగిలిపోయిన జవాబుల్ని ఊడ్చి చేటలోకి ఎత్తేది. అవి పొడి చెత్త కిందికే వస్తాయని అపార్ట్‌మెంట్ అసోసియేషన్ నోటీసు కూడా అంటించింది.

సర్వర్లు ఆగితే నడిపించడం పరాంకుశం ఉద్యోగం. నలభై ఆరేళ్ళ వయసులో, ఈ పరీక్ష పాసైతేనే ఉంచుతామన్నారు. అమీర్‌పేటలో దైవాధీనం మాస్టారి దగ్గర చేరాడు. పాసవుతామా అని ఎవరడిగినా మాస్టారు తన పేరే చెప్పేవారు.

"నాలుగింట్లో రెండు సరైనవే ఉంటాయి నాయనా! వాడికి కావలసింది అన్నిటికన్నా సరైనది. ప్రశ్నలో 'ముందుగా' ఉందా, ఆగిన సేవని నడిపించెయ్. ఎందుకాగిందని తవ్వావో, మార్కు గోవిందా!"

"కానీ సార్, నా అనుభవంలో..."

"అనుభవం ఇంట్లో పెట్టి రావయ్యా. ఇక్కడ పుస్తకం!"

పరాంకుశం ఆ పుస్తకాన్నే ఇంటికి పట్టుకెళ్ళాడు.

ఓ ఆదివారం వకుళ కూర తరుగుతూ కళ్ళు తుడుచుకుంది. తరిగేది ఉల్లిపాయలు కాదు, బెండకాయలు.

"ఏమండీ, ముందుగా నా మాట వింటారా? మనం మాట్లాడుకుని ఎన్నాళ్ళయింది?"

జవాబులు వెలిశాయి. ఎ: పక్కన కూర్చుని ఏమైందని అడుగుట. బి: కాఫీ కలిపి ఇచ్చుట. సి: ఆమె అక్కకు ఫోన్ కలిపి ఇచ్చుట. డి: పైవేవీ కావు. అతని వేలు 'ఎ' దాకా వెళ్ళి ఆగింది. అది తవ్వకం. 'బి' నొక్కాడు. సున్నా పచ్చగా వెలిగింది. వకుళ కాఫీ తాగింది, కన్నీళ్ళు ఆగాయి.

"బావుందా?"

"బావుందండీ."

"మరింకేం!"

సేవ ఆగితే దాన్ని పుస్తకంలో ఇన్సిడెంటంటారు. ఇన్సిడెంటంటే ఇంటికి పడ్డ డెంటు. లోపల్నించి నొక్కితే బయటికి కనబడదు. అలా ఎన్నో నొక్కాడు.

పరీక్షకి ముందురోజు సాయంత్రం వకుళ వచ్చి ఎదురుగా నిలబడింది.

"ఆఖరిసారి అడుగుతున్నాను. నేనంటే మీకు విసుగా?"

కాదు. ఆ సంగతి అతనికి తెలుసు. మొదటి జవాబూ 'కాదు' అనే ఉంది. కానీ ఇంత తేలికైనది ఇస్తారా? ఎక్కడో మెలిక ఉండి తీరాలి. 'ఆఖరిసారి' అన్న మాట సిలబస్‌లో లేదు. ప్రశ్న మళ్ళీ చదివాడు. జవాబులు కిందినుంచి పైకి చదివాడు. ఈలోగా సమయం అయిపోయి నాలుగు సున్నాలూ ఆరిపోయాయి.

"సర్లెండి," అని వకుళ స్టవ్ కట్టేయడానికి వెళ్ళింది.

మర్నాడు పరాంకుశం పాసయ్యాడు. ఉద్యోగం నిలిచింది. వకుళ "సంతోషమండీ" అంది. ఆ మాట కింద గాలి ఖాళీగా ఉంది. అప్పట్నించీ ఆమె జవాబు అక్కర్లేని మాటలే మాట్లాడుతోంది. కుక్కర్ దించాను. నీళ్ళొచ్చాయి. తలుపేసుకోండి.

"వకుళా, నన్నేదైనా అడగవే," అన్నాడు చివరికి.

"ఏం అడగనండీ? అన్నీ బానే నడుస్తున్నాయిగా."

నిజమే. పుస్తకం ప్రకారం, ఫిర్యాదు రానంతకాలం సేవ సక్రమంగా అందుతున్నట్టే లెక్క. పరాంకుశం చేతులు కడుక్కుని వచ్చి కూర్చున్నాడు. ఆమె వేడివేడిగా అన్నం వడ్డించింది.