నెత్తిన చెయ్యి

ఆదివారం ఉదయం ఏడింటికి ఆల్సైడ్ ఫొంటెనో తన ట్రంపెట్ తుడుస్తూ పథకం వేశాడు. ఈ రోజు సోలోలో తను ఒక్కడే పాట వరసని ఐదు చుట్లు వాయించాలి. క్లారినెట్ లూసియన్‌కి ఒక చుట్టు మించి దక్కకూడదు.

పదకొండేళ్లుగా ఆ నలుగురి జాజ్ బృందంలో పెద్ద సోలో ఆల్సైడ్‌దే. మూడు నెలల క్రితం మిసిసిపీ నది అవతలి ఒడ్డు నుంచి లూసియన్ వచ్చి చేరాడు. అప్పటి నుంచి చప్పట్లు అటు తిరిగాయి. పోయిన వారం చర్చి విందులో, రెస్టారెంటు నడిపే ఎర్నెస్టీన్ గారు లూసియన్ సోలోకి రెండుసార్లు "ఆహా" అన్నారు. ఆల్సైడ్ సోలో సాగుతున్నంతసేపూ ఆవిడ తను వండిన గంబో పులుసులో ఉప్పు సరిచూసుకున్నారు. ఇవాళ పరీక్ష ఆవిడ రెస్టారెంటులోనే. నచ్చితే ప్రతి ఆదివారం పగటి విందుకి వీళ్లదే వాయిద్యం.

బృందం పెద్ద, పియానో వాయించే ఒక్టేవ్‌కి ఆల్సైడ్ ఫోన్ చేశాడు. "బాబాయ్, ఆ కుర్రాడు మొదలెడితే ఆపడు. నువ్వే కాస్త చూసుకో."

"చూస్తాలేరా," అన్నాడు ఒక్టేవ్ పరధ్యానంగా.

ఆయన ఆ క్షణంలో అద్దం ముందు నిలబడి నెత్తికి జిగురు రాసుకుంటున్నాడు. ఆ రెండు "ఆహా"లు ఆయన్నీ నిద్రపోనివ్వలేదు. భర్త పోయిన ఎర్నెస్టీన్ గారిని ఆయన నాలుగేళ్లుగా మౌనంగా ఆరాధిస్తున్నాడు. ఆయన టోపీ తియ్యగా చూసినవాళ్లు బృందంలో లేరు, కాబట్టి దాని కింద జుట్టు లేదని ఎవరికీ తెలియదు. ఈ రోజు టోపీ ఇంట్లో వదిలి, నల్లటి ఒత్తయిన విగ్గుతో బయల్దేరాడు.

బృందానికి ఉన్నది ఒకే చట్టం. ఒక్టేవ్ నెత్తిన చెయ్యి పెట్టుకుంటే, సోలో ఎవరిదైనా అక్కడికక్కడ ఆగిపోవాలి. అందరూ కలిసి మొదటి వరస అందుకుని పాట ముగించాలి. దాని మీద అప్పీలు లేదు.

పదకొండింటికి వాయిద్యం మొదలైంది. ఆగస్టు ఎండకి వంటింటి ఆవిరి తోడై, జిగురు కరగడం మొదలుపెట్టింది. ఆల్సైడ్ లేచి గుండెనిండా గాలి పీల్చి నాలుగు స్వరాలు పలికించాడో లేదో, ఒక్టేవ్ చెయ్యి నెత్తి మీదకి వెళ్లింది. పాట అయిపోయింది. ఆల్సైడ్ లూసియన్ వంక కొరకొరా చూశాడు. రెండో పాటలో లూసియన్‌కీ అదే గతి. మూడో పాటలో డ్రమ్ముల కోరా రెండో దెబ్బ వెయ్యకముందే పాట ముగిసింది. రెండు గంటలకని తెచ్చిన ఇరవై పాటల్లో పంతొమ్మిది పాటలు ముప్పావు గంటలోనే ఖర్చయిపోయాయి.

విరామంలో ముగ్గురూ వంటింటి వెనక చేరారు.

"నా మీద బాబాయ్‌కి ఏం నూరిపోశావు?" అన్నాడు ఆల్సైడ్.

"నేనేం చెప్పలేదన్నా. నువ్వేమన్నా చెప్పావా?"

తను చెప్పాడు కాబట్టి ఆల్సైడ్ గొంతు ఇంకా పెంచాడు.

"మీరిద్దరూ కొట్టుకు చావండి," అంది కోరా. "మధ్యలో నా డ్రమ్ములేం పాపం చేశాయి?"

ముగ్గురూ వెళ్లి ఒక్టేవ్‌ని నిలదీశారు. నిజం చెప్పలేక ఆయన, ఎర్నెస్టీన్ గారికి పొట్టి పాటలంటేనే ఇష్టమని నోటికొచ్చిన అబద్ధం ఆడేశాడు. ఆవిడ ఇష్టాలు ఈయనకెలా తెలుసని ముగ్గురికీ కొత్త అనుమానం పట్టుకుంది.

మిగిలింది ఒక్క పాట. ఆల్సైడ్ నిర్ణయించుకున్నాడు. కనపడని చేతికి చట్టం వర్తించదు. పియానో పక్కన నిలబడి కళ్లు గట్టిగా మూసుకుని ఊదడం మొదలెట్టాడు. ఒకటో చుట్టు, రెండో చుట్టు, మూడో చుట్టు. జనంలో కలకలం వినిపించింది. నాలుగో చుట్టులో ఎవరో కేక వేశారు. ఐదో చుట్టు చివర, జన్మలో ఎన్నడూ అందని పైస్వరం అందుకున్నాడు. రెస్టారెంటు దద్దరిల్లింది. ఆనందబాష్పాలతో కళ్లు తెరిచాడు.

జనమంతా లేచి నిలబడి ఉన్నారు. ఒక్కరూ అతని వైపు చూడటం లేదు. ఒక్టేవ్ నున్నటి తల ధగధగా మెరుస్తోంది. పియానో మీట్ల మీద పడ్డ విగ్గుని లూసియన్ క్లారినెట్ కొసకి తగిలించి, వంగి, మర్యాదగా ఆయనకి అందిస్తున్నాడు.

ఎర్నెస్టీన్ గారు కళ్లు తుడుచుకుంటూ వచ్చారు. నవ్వీ నవ్వీ వచ్చిన నీళ్లవి.

"ఒక్టేవ్ గారూ, పాట చటుక్కున అయిపోవడం, జనం ఇంకో ప్లేటు తెప్పించుకోవడం. ఇలాంటి బృందాన్ని నేనెక్కడా చూడలేదు. ప్రతి ఆదివారం రండి. ఆ జుట్టు కూడా తప్పకుండా తీసుకురండి." ఆవిడ ఆల్సైడ్ వైపు తిరిగారు. "ఆ చివరి పాట మాత్రం వద్దు నాయనా. మరీ సాగింది."

తర్వాత ఆవిడ ఒక్టేవ్‌కి తన చేత్తో గంబో వడ్డించారు. ఉప్పు చూడమని అడిగారు కూడా. ఆల్సైడ్ ట్రంపెట్‌ని పెట్టెలో సర్దుతూ, లూసియన్ సంగతి పూర్తిగా మరిచిపోయి, చాలాసేపు ఆ విగ్గునే చూశాడు.

పై ఆదివారం అతను కూడా ఒక విగ్గు పెట్టుకుని వచ్చాడు, నిండైన తన జుట్టు మీద.