తొమ్మిదో సవరణ

"మార్కులు మనిషికి కొలబద్ద కావు!"

సింగపూరులోని జురాంగ్ ఈస్ట్ కమ్యూనిటీ క్లబ్బులో, మా తెలుగు సంఘం కార్యవర్గ సమావేశంలో, బల్ల గుద్ది మరీ ఈ మాట అన్నది సాక్షాత్తూ నేనే. పేరు సాంబశివరావు. సైన్స్ పార్కులో డేటాబేసులు చూస్తుంటాను. మొన్న జనవరి ఒకటిన వైటూకే గండం నుంచి ప్రపంచాన్ని కాపాడిన కొన్ని లక్షల మందిలో నేనొకణ్ణి. సంఘం వారి ‘విద్యారత్న’ పురస్కార కమిటీకి ఆరేళ్ళుగా అధ్యక్షుణ్ణి కూడా.

నా మాటకు అందరూ నోరు వెళ్ళబెట్టారు. కిందటేడాది ఇదే బల్ల గుద్ది "మార్కు మార్కే!" అన్నవాణ్ణి కూడా నేనే మరి! అప్పుడు సెంబవాంగ్ షిప్‌యార్డులో వెల్డింగు చేసే దానయ్య కూతురు కల్పనకు ఎనభై నాలుగు పాయింటు ఆరు శాతం వచ్చింది. ఎనభై అయిదు ఉంటేనే పురస్కారం, వెండి పళ్ళెం. దానయ్యది తాతల నాడే ఇక్కడ స్థిరపడిన కుటుంబం. "పాయింటు నాలుగే గదా సార్, ఇచ్చెయ్యండి లా" అని సింగపూరు యాసలో బతిమాలాడు. పిల్ల ఏడ్చింది. నా మనసు కరిగింది. రూలు కరగలేదు.

ఈ ఏడాది నా జ్ఞానోదయానికి కారణం మా అమ్మాయి సరయు. అది చదివే యూనివర్సిటీలో ఓపెన్ కరికులమట. ఫలానాది చదివి తీరాలని ఎవరూ అనరు. ఎవరికి నచ్చిన సబ్జెక్టులు వాళ్ళు ఏరుకోవచ్చు. గ్రేడు వద్దనుకుంటే ‘సంతృప్తికరం’ అని రాయించుకోవచ్చు. పరీక్ష తప్పితే, అసలా సబ్జెక్టు చదివిన ఆనవాలే పత్రంలో ఉండదు!

"మొత్తం పర్సెంటేజీ ఎంతమ్మా?"

"అక్కడ టోటల్ వెయ్యరు డాడీ."

"పోనీ, ఫస్టెవరు?"

"నోబడీ."

"లాస్టు?"

"ఆల్సో నోబడీ లా."

"మరి పిల్లలకి భయమెలా వస్తుందే!"

మనసొప్పక యూనివర్సిటీ ఆఫీసుకు వెళ్ళాను. కౌంటరులోని చైనీస్ ఆవిడ ఓపిగ్గా విని, "ర్యాంకులు లేవు సార్" అంది. "అనధికారికంగా?" అని గొంతు తగ్గించి అడిగాను. "అనధికారికంగానూ లేవు" అని ఆవిడా గొంతు తగ్గించే చెప్పింది.

ఒక్క ఆశ మిగిలింది. చివరి ఏడాది పెద్ద పరిశోధన వ్యాసం రాసి ప్రొఫెసర్లను మెప్పిస్తే, డిపార్టుమెంటు ఆనర్స్ ఇస్తుందట. సరయు రాస్తోంది. దేని మీద అంటే "మన తెలుగువాళ్ళ మీదే డాడీ" అంది. పొంగిపోయాను. సంఘం పాత మినిట్సు పుస్తకాలు అడిగితే నేనే మోసుకొచ్చి ఇచ్చాను. మా ఇంట్లో కమిటీ కూర్చున్నప్పుడల్లా అదీ ఓ మూల కూర్చుని నోట్సు రాసుకునేది. బుద్ధిమంతురాలు!

అందుకే ఇప్పుడు బల్ల గుద్దడం. ఇకమీదట మార్కులతో పనిలేదు. ఆనర్స్ వ్యాసం రాసినవారే అర్హులు. ప్రొఫెసరు ఉత్తరం సీలు కవరులో రావాలి. ఉగాది సభలో అధ్యక్షుడే విప్పి, తెర మీద వేసి, తెలుగులో చదివి వినిపించాలి. ఎవరూ వేలెత్తి చూపకూడదు కదా!

కార్యదర్శి నాగరత్నం గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "మా దీపక్‌కి తొంభై ఒకటొచ్చిందండీ. వాడేమైపోవాలి?"

"పిల్లల్ని మార్కులతో కొలవడం హింస నాగరత్నం గారూ!"

"కిందటేడు కొలిచింది మీరే కదండీ?"

"అది పోయిన శతాబ్దం!"

వచ్చే ఏడు అధ్యక్ష పదవి ఆవిడకేనని మాటిచ్చాక తీర్మానం ఏకగ్రీవమైంది.

ఉగాది వచ్చింది. పంచాంగంలో నా రాశికి రాజపూజ్యం ఆరు, అవమానం ఒకటి. ఒకటే కదా అని నవ్వుకుని స్టేజీ ఎక్కాను. కవరు విప్పి, ఉత్తరం తెర మీద వేసి, తెలుగు చెయ్యడం మొదలుపెట్టాను.

"సరయు వ్యాసానికి ఆనర్స్ ఇచ్చాం." చప్పట్లు! "విషయం: ఒక వలస సంఘం చదువుల పురస్కారం, పదకొండేళ్ళలో తొమ్మిది సవరణలు." చప్పట్లు తగ్గాయి. తర్వాతి పేరా కళ్ళతో చదివాను.

"అమ్మాయి చాలా క్రమశిక్షణ గలది" అన్నాను.

ముందు వరుసలోంచి కల్పన లేచింది. "అంకుల్, వన్ పేరా స్కిప్ చేశారు!" అని తానే తెర చూస్తూ చదివింది. "తొమ్మిదిలో ఎనిమిది సవరణలు కమిటీ సభ్యుల పిల్లల్ని గట్టెక్కించడానికే జరిగాయి. తొమ్మిదోది ఈ పరిశోధకురాలి కోసం, ఆమె ఇంటి సోఫాలోనే తయారైంది. కనుక సాక్ష్యం బలమైనది."

దానయ్య మెల్లగా అడిగాడు. "మన ఎనభై నాలుగు పాయింటు ఆరు ఉందా అమ్మా అందులో?"

"ఉంది నాన్నా. పేజీ నంబరు కూడా వేశారు."

సరయు స్టేజీ ఎక్కింది. నా చేతిలోని వెండి పళ్ళెం తీసుకుంది. తిన్నగా దిగి వెళ్ళి కల్పన చేతిలో పెట్టింది. ఈసారి చప్పట్లు తగ్గలేదు.

ట్రెయిన్‌లో ఇంటికొస్తూ నా పక్కనే కూర్చుంది. "కోపమా డాడీ?"

కోపం కాదు, సిగ్గు. తలెత్తలేనంత సిగ్గు. అయినా ఒక్క ప్రశ్న మాత్రం లోపల కెలుకుతూనే ఉంది.

"ఆనర్స్ ఎంతమందికొచ్చిందమ్మా?"

"ఫోర్టీన్."

"అందులో నీది ఎన్నో నంబరు?"

"డాడీ! ర్యాంకుల్లేవని చెప్పా కదా!"

హమ్మయ్య అనుకున్నాను. అంటే, మా అమ్మాయి ఫస్టు కాదని ఇక ఎవడూ రుజువు చెయ్యలేడు!