పాటయ్యేదాకా లైన్లో ఉండండి

వాషింగ్ మిషన్లు బాగుచేసే కంపెనీలో ఫిర్యాదుల విభాగానికి ఆయన సూపర్‌వైజరు. మనిషికి హిందీ పాటల పిచ్చి. వాటిలో డబ్బాల మోత తప్ప ఏమీ మిగల్లేదని కొన్నేళ్లుగా కనబడినవాళ్లందరి దగ్గరా వాపోయేవాడు. ఈమధ్య నెమ్మదైన ప్రేమపాటలు మళ్లీ రావడం మొదలయ్యేసరికి, పోయిన వయసు తిరిగొచ్చినంత సంబరపడ్డాడు. ఆ రోజు పొద్దున్న గడ్డం గీసుకుంటూ ఒక నిర్ణయానికొచ్చాడు. ఫోన్ చేసి లైన్లో ఎదురుచూసేవాళ్లకి ఆ కుయ్ కుయ్ మోత తీసేసి, ఒక కొత్త ప్రేమపాట వినిపించాలి. మధ్యాహ్నం పెద్ద మేనేజరు వస్తున్నాడు. ఈయన్ని విభాగానికి అధిపతిని చేసేదీ లేనిదీ ఆయనే తేల్చాలి. పాట వింటే ఇక తిరుగుండదు!

"లేనిపోని తంటా ఏమోనండీ," అంది టెలిఫోన్ అమ్మాయి.

"నీకు సంగీతం తెలీదమ్మా, ఊరుకో."

పాట మొదలైంది. కాఫీల వేళకి తంటా కూడా మొదలైంది.

"చెప్పండి సార్, మీ మిషన్‌కి ఏమైంది?" అంది టెలిఫోన్ అమ్మాయి.

"అప్పుడే ఎత్తేశారేం? చరణం సగంలో ఉంది. మళ్లీ లైన్లో పెట్టండి!" అని కసిరాడు అవతలాయన.

విన్నవాళ్లు మళ్లీ చేశారు. చుట్టాలకి చెప్పారు. చుట్టాలూ చేశారు. నిజంగా మిషన్ చెడినవాళ్లకి ఫోన్ కలవడం మానేసింది. ఇల్లంతా నీళ్లైపోయిన ఒక పెద్దాయన, మోకాళ్లదాకా తడిసిన ప్యాంటుతో స్వయంగా వచ్చి గొడవకి దిగాడు. సరిగ్గా అప్పుడే పెద్ద మేనేజరు ఊడిపడ్డాడు.

"ఏవిటయ్యా ఇదంతా?"

"పనీపాటా లేనివాళ్లు సార్! పొద్దుట్నుంచి ఒకావిడ మరీ ప్రాణం తీస్తోందట. ఇదిగో, లైన్లోనే ఉంది. మీ ఎదురుగానే గడ్డిపెడతాను చూడండి," అని సూపర్‌వైజరు స్పీకర్ నొక్కాడు.

"అయ్యో, పాట ఆపేశారేమండీ?"

అది సాక్షాత్తూ సూపర్‌వైజరు భార్య గొంతు. ఈయన గబుక్కున స్పీకర్ ఆపబోతే, మేనేజరు పక్కకి జరిపి తనే అందుకున్నాడు.

"ఇంట్లో వినొచ్చు కదమ్మా?"

"ఇంట్లో మా ఆయన వింటారండీ. ఇయర్‌ఫోన్లు రెండూ ఆయన చెవుల్లోనే. పాటయ్యేదాకా నన్ను నోరెత్తొద్దంటారు. మా మిషన్ ఆగిపోయి రెండు నెలలైంది, చూస్తాలే అనడమే. సరే, మీకే చెప్దామని చేశాను. పాట వినబడింది. ఎవరో నాకోసమే వేసినట్టనిపించి, చెప్పాల్సింది మర్చేపోయాను."

"మీవారేం చేస్తుంటారమ్మా?"

"మీ ఆఫీసేనండీ. ఫిర్యాదులు వింటారట."

తడిసిన ప్యాంటు పెద్దాయన కూడా ఫక్కున నవ్వాడు. సూపర్‌వైజరుకి తల తీసేసినట్టయింది. ప్రేమపాటలు తిరిగొచ్చాయని ఊరంతా చాటినవాడు, కట్టుకున్నదానికి ఒక్కటీ వినిపించలేదు. ఆ సిగ్గుతో, అధిపతి పదవి పొద్దున్నే హెచ్చరించిన టెలిఫోన్ అమ్మాయికి వెళ్లినా ఆయనకి బాధనిపించలేదు.

సాయంత్రం ఇంటికెళ్లి, ఇయర్‌ఫోన్లు రెండూ భార్య చేతిలో పెట్టి, బకెట్ ముందు కూర్చుని బట్టలు ఉతకడం మొదలుపెట్టాడు. ఆవిడ కళ్లు మూసుకుని పాట వింటోంది.

"ఏమోయ్, నాదే తప్పు..." అనబోయాడు.

ఆవిడ కళ్లు తెరవకుండానే చెయ్యి అడ్డం పెట్టింది. "కాస్త లైన్లో ఉండండి."

ఆయన దుప్పటి పిండుతూ లైన్లోనే ఉన్నాడు.