కోర్టులో జమైన మోకాలు

కేసు తేలేదాకా సాక్ష్యం చెక్కుచెదరకూడదన్నది నియమం కాబట్టి, టైలర్ రాజేశం తన కుడి మోకాలిని సోమవారం పదిన్నరకు, సాక్ష్యపు సరుకు దాచే కోర్టు మాల్‌ఖానాలో జమచేసి, రశీదు తీసుకుని, ఆటోలో ఇంటికొచ్చేశాడు. మోకాలు తీసిన చోట ఆసుపత్రివాళ్లు రెండు వెదురు బద్దలు పెట్టి కట్టు కట్టారు. కాలు వంగదన్న మాటే గానీ నిలబడటానికి పనికొస్తుంది. వరసలో అతని వెనక ఒకాయన భుజం జమచేయడానికి వచ్చాడు, ఆయన వెనక ఒకావిడ దవడ తెచ్చుకుంది. అందరికీ టోకెన్లు ఇచ్చారు గనుక తోపులాటేమీ జరగలేదు.

అసలు సంగతి చిన్నదే. డ్రైనేజీ పైపు కోసం కాంట్రాక్టర్ మురళీధర్ మనుషులు రాజేశం షాపు ముందు గుంత తవ్వి, మూత వేయకుండా వెళ్లిపోయారు. వాన పడి గుంత నిండింది. పొద్దున్నే షట్టర్ తీయబోయిన రాజేశం అందులో కాలేశాడు. మోకాలిచిప్ప పగిలింది. టైలర్‌కు మోకాలంటే మాటలా, మిషను తొక్కి నలుగురికి తిండి పెట్టేది అదే. నష్టపరిహారం వస్తే ఆపరేషన్ చేయించుకుని మళ్లీ మిషను తొక్కాలన్నది అతని ఆశ. అంతకన్నా పెద్ద ఆశలు అతనికి ఎప్పుడూ లేవు.

"మోకాలు నీ దగ్గరనే ఉంటే మానిపోతది. మానినంక దెబ్బేదని అడుగుతరు," అన్నాడు అడ్వకేటు విద్యాసాగర్. "కోర్టుల ఉంటే భద్రం. ఏడాదిల తేలుతది."

"ఏడాది దాక మిషను ఎట్ల తొక్కాలె సార్?"

"అది మన పిటిషన్‌ల లేదు గద," అన్నాడు విద్యాసాగర్, ఇంకో ఫైలు విప్పుతూ.

మిషను సంగతి భార్య కనకలక్ష్మి చూసుకుంది. పక్కన పొట్టి స్టూలేసుకుని ఆమె తొక్కేది, పైన రాజేశం బట్ట నడిపేవాడు. మొదట్లో అతను ఆగమంటే ఆమె సాగేది, చొక్కా చేతులు వంకరపోయేవి. నెల తిరిగేసరికి కుదిరింది. చూసినవాళ్లు ముచ్చటైన జంట అన్నారు. ఇంటికెళ్లాక ఆమె కాళ్లు వేణ్ణీళ్లలో పెట్టుకుని కూర్చునే ముచ్చట వాళ్లెవరూ చూడలేదు.

మాల్‌ఖానాలో మోకాలికి నంబరు చీటీ కట్టి మూడో అరలో పెట్టారు. ఒక పక్క పట్టుబడ్డ సారా క్యాను, ఇంకో పక్క ఎవరిదో సైకిల్ హ్యాండిల్. ఆ గది తాళాలు మొయినుద్దీన్ దగ్గర ఉండేవి. మనిషి మంచివాడు. ఆ ఆఫీసులో అదొక్కటే నియమాలకు విరుద్ధంగా ఉన్న విషయం.

మొదటి వాయిదా రోజున బంట్రోతు బయటికొచ్చి, "రాజేశం మోకాలు హాజర్?" అని మూడుసార్లు కేకేశాడు.

"ఉన్న సార్," అన్నాడు రాజేశం.

"నిన్నెవరు పిలిచిన్రు? మోకాలును పిలిచిన."

ఆ రోజు మోకాలు రాలేదు. దాన్ని కింది అంతస్తుకు తేవడానికి ఇద్దరు కానిస్టేబుళ్లు బందోబస్తు ఉండాలి, వాళ్లు మంత్రిగారి పర్యటనకు వెళ్లారు. తర్వాతి వాయిదాకు మోకాలు వచ్చింది, జడ్జిగారు సెలవు పెట్టారు. ఒకసారి జడ్జీ మోకాలూ ఇద్దరూ వచ్చారు గానీ, ఈలోగా గుంత పూడ్చి రోడ్డేసేశారని, గుంతే లేనప్పుడు కాంట్రాక్టర్ ఎక్కడినుంచి వస్తాడని అవతలి వకీలు వాదించాడు. సబబుగానే ఉందని మురళీధర్ పేరు కేసులోంచి కొట్టేశారు. ఇక మిగిలింది రాజేశం, మోకాలు, మునిసిపాలిటీ. మునిసిపాలిటీ తరఫున ఎవరూ ఎప్పుడూ రాలేదు, దాన్ని ఎవరూ కేకేసి పిలవనూ లేదు.

వాయిదా అయ్యాక రాజేశం మాల్‌ఖానా కిటికీ దగ్గరికి వెళ్లేవాడు. లోపలికి రానివ్వరు. మొయినుద్దీన్ ఊచల వెనక నుంచి, "ఫికర్ చెయ్యకు రాజేశం భాయ్, మంచిగున్నది," అనేవాడు. ఆ ఒక్క మాట కోసం రాజేశం ఈడ్చుకుంటూ రెండంతస్తులు ఎక్కేవాడు.

కేసు మొదలైన తొమ్మిదో ఏట ముగ్గురు డాక్టర్ల బోర్డు కూర్చుంది. మోకాలిని స్టీలు పళ్లెంలో తెచ్చి, సీలు విప్పి, వంచారు, చాపారు, తట్టారు. కిర్రుమని కూడా అనలేదు. మొయినుద్దీన్‌ను పిలిచి అడిగితే దాచకుండా చెప్పాడు. తన చేతిలో పడ్డ సరుకు ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఒక్కటీ పాడవలేదట. హ్యాండిల్‌కు తుప్పు పట్టకుండా నూనె రాసేటప్పుడు, పక్కనున్న మోకాలికీ రాసేవాడట. వారం వారం నువ్వుల నూనె వేడిచేసి పావుగంట మర్దన, చలికాలంలో మఫ్లరు. అది చెప్పేటప్పుడు అతని ముఖంలో కాస్త గర్వం కూడా కనిపించింది.

తీర్పు ఒకటిన్నర పేజీ. పిటిషన్‌లో రాసింది పగిలిన మోకాలు, కోర్టు ముందున్నది నిక్షేపంలాంటి మోకాలు, కాబట్టి దెబ్బ తగిలిందన్నది రుజువు కాలేదు. పైగా పిటిషనర్ కుంటివాడన్నది కోర్టు కళ్లారా చూసింది. కుంటివాడికి ఇంత మంచి మోకాలు ఉండే అవకాశం లేదు. కాబట్టి ఇది అతనిది కాదు.

"నాదే సార్. చీటి మీద నా పేరున్నది," అన్నాడు రాజేశం.

"చీటీ మీద ఉంది. మోకాలి మీద లేదు కదా," అన్నారు జడ్జిగారు. మర్యాదగానే అన్నారు. తాగడానికి మంచినీళ్లు కూడా ఇప్పించారు.

మెట్ల దగ్గర మొయినుద్దీన్ అతని రెండు చేతులూ పట్టుకుని, "నేనే ఖరాబు చేసిన భాయ్," అని ఏడ్చాడు. రాజేశానికి అతని మీద కోపం తెచ్చుకోవడం చేతకాలేదు. తొమ్మిదేళ్లలో ఆ మోకాలిని మనిషిదిగా చూసినవాడు ఇతనొక్కడే. కోపం ఇంకెవరి మీద తెచ్చుకోవాలో తెలియలేదు. ఆటో పిలిచి ఇంటికెళ్లాడు.

హక్కుదారు లేని సరుకును వేలం వేస్తారు. వేలంలో పాల్గొనేవాడు ఆ వస్తువు తనకు అవసరం లేదని రాసివ్వాలి. అవసరమున్నవాడు పాడితే న్యాయమైన ధర తెలియదని నిబంధన. రాజేశం అలా రాయలేకపోయాడు. కాంట్రాక్టర్ మురళీధర్ రాసిచ్చి, పాడుకుని, పట్టుకెళ్లాడు. ఆయనకు వయసు మీదపడి కుడి మోకాలు అరిగింది, అయితే అది ఆయన వేలం అయ్యాక గమనించాడు.

రెండు నెలలకు మురళీధర్ షాపుకొచ్చాడు, మెట్లు టకటకా ఎక్కి. కూతురి గృహప్రవేశానికి ప్యాంటు కావాలట.

"మనకు పాత పరిచయమేనాయె. నీ చేతి కుట్టయితె నమ్మకం," అన్నాడు.

"ఎట్లున్నది సార్ మోకాలు?"

"మస్తున్నది. కూసున్నప్పుడు ఊకెనే దానంతట అదే కిందికి మీదికి ఆడుతది, అదొక్కటే ఇబ్బంది."

"కొన్నొద్దులకు మర్చిపోతది సార్," అన్నాడు రాజేశం.

రాజేశం వంగలేడు గనుక టేపు కనకలక్ష్మి తీసుకుంది. నేల మీద కూర్చుని, పొడవు చూసి, మోకాలి చుట్టూ టేపు తిప్పి, అలాగే పట్టుకుని ఉండిపోయింది. ఆమె ఎంతో చెప్పకముందే రాజేశం పుస్తకంలో పదిహేడు అని రాసుకున్నాడు.

"ఏమైందమ్మా?" అన్నాడు మురళీధర్.

"ఏం లేదు సార్. ఇక్కడ జర వదులు పెడుదమా, ఒరుసుకోకుంట?"

పెట్టమన్నాడు. ఆయన కారెక్కి వెళ్లాక కనకలక్ష్మి లేవబోయి, లేవలేక, మిషను కాలు పట్టుకుంది.

"నా మోకాలు నొస్తాంది. చానా రోజులాయె," అంది.

రాజేశం వీధిలోకి అటూ ఇటూ చూశాడు. కర్రతో షట్టర్‌ను సగం దాకా కిందికి లాగాడు.

"మెల్లగ అను," అన్నాడు. "ఎవరన్న వింటరు."

ఆమె స్టూలు దగ్గరికి జరుపుకుని తొక్కడం మొదలుపెట్టింది. ప్యాంటు శనివారానికి ఇస్తామన్నారు గానీ, పెద్దమనిషిని ఎదురుచూపించడం బాగుండదని శుక్రవారమే ఇచ్చేశారు.